ఇల్లు, తోట – ఒకే పటము

(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసమునకు వ్రాతరూపము)



ఈ సాయంకాలము నాకు నిర్ణయింపబడిన విషయము గృహనిర్మాణము. మనలో హెచ్చుమంది ఉద్యోగ జీవితమంతయు క్వార్టర్లలో గడిపి, విరమణకు నాలుగైదేండ్ల ముందు మాత్రమే స్వంత ఇంటిని గూర్చి ఆలోచించువారము. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, గృహనిర్మాణ ఋణము, ఇల్లాలు కూడబెట్టిన నాలుగు రూపాయలు, ఇవన్నియు కలిపి ఒక్కసారి ఖర్చు చేయుదుము. రెండవసారి కట్టుటకు ధనమును ఉండదు, ఓపికయు ఉండదు. ఆ ఇంటిలో మనము గడపబోవునది అరువది యేండ్లు దాటిన తరువాతి కాలము. అనగా ఎండను, ఉక్కను, చలిని శరీరము ఓర్చుకొనలేని కాలము. పగలంతయు ఇంటనే ఉండు కాలము. కావున ఇల్లు వీధిలో నడచువారికి ఎట్లు కనబడును అను ప్రశ్నకంటె, వైశాఖమాసమున మధ్యాహ్నము మూడు గంటలకు ఆ ఇంటిలో సుఖముగా కూర్చుండగలమా అను ప్రశ్న ముఖ్యమైనది.

నేను చెప్పదలచినది ఒక్కటే మాట. ఇల్లు కట్టిన పిదప మిగిలిన చోటును తోట అని పిలుచుట మనకు అలవాటైనది. అట్లు గాక, ఇంటిని, తోటను ఒకే కాగితముపై, ఒకే పూట గీయవలెను. గోడ ఎచ్చట అని నిశ్చయించు నాడే చెట్టు ఎచ్చట అనియు నిశ్చయింపవలెను. ఎందుచేతననగా మన దేశపు ఎండను గోడ ఒక్కటే ఆపజాలదు. చెట్టు ఒక్కటియు ఆపజాలదు. రెండును పని పంచుకొనవలెను.

ఈ మాట చెప్పుటకు అగ్రికో తగిన చోటు. ఈ పేట పేరు వ్యవసాయపు పనిముట్ల పరిశ్రమ నుండి వచ్చినది. 1925 నుండి టాటా వారి అగ్రికో ముద్రతో పారలు, పలుగులు, పికాసులు దేశమంతట అమ్ముడుపోయినవి. పార పేరు మోయు పేటలో తోటను గూర్చి మాటలాడుట అసందర్భము కాదు గదా!

అంతకంటె ముఖ్యమైన కారణము ఈ పట్టణపు పుట్టుకలోనే కలదు. 1902లో జంషెట్జీ టాటా తన కుమారుడైన దొరాబ్జీకి ఒక లేఖ వ్రాసెను. అప్పటికి కర్మాగారమునకు స్థలము కూడ నిశ్చయము కాలేదు. అయినను ఆ లేఖలో ఆయన, కట్టబోవు పట్టణమున వీధులు వెడల్పుగా ఉండవలెననియు, నీడనిచ్చు చెట్లు నాటవలెననియు, ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరుగు జాతివై ఉండవలెననియు, పచ్చికకు, తోటలకు చోటు విడువవలెననియు కోరెను. 1904లో ఆయన కాలధర్మము నొందెను. 1912లో ఇచ్చట ఉక్కు పోతపోయబడెను. ఆంగ్లదేశమున ఎబినేజరు హోవార్డు తోటనగరములను గూర్చి 1898లో పుస్తకము ప్రకటించిన కొలది యేండ్లకే ఈ ఆలోచన మన దేశమున ఉక్కు పట్టణమునకు చేరినది.

జంషెడ్‌పూరునకు పటము గీచినవారు పెక్కుమంది. మొదట అమెరికా నుండి జూలియన్ కెన్నెడీ కంపెనీ, 1920 ప్రాంతమున టెంపుల్, 1930లలో స్టోక్స్, 1940లలో ఆటో కోనిగ్స్‌బెర్గర్. ఈ చివరి వ్యక్తి జర్మనీ విడిచి వచ్చిన వాస్తుశిల్పి. 1939 నుండి మైసూరు సంస్థానమున ప్రధాన వాస్తుశిల్పిగా ఉండి, 1948లో కేంద్ర ప్రభుత్వపు గృహనిర్మాణ శాఖ డైరెక్టరు అయ్యెను. భువనేశ్వర నగరమునకు కూడ ఆయనయే పటము వ్రాసెను. తరువాత మరి ముగ్గురితో కలిసి ఉష్ణదేశముల గృహనిర్మాణముపై ఆయన వ్రాసిన గ్రంథము 1970లలో వెలువడి, ఇప్పటికిని విద్యార్థులకు పాఠ్యముగా ఉన్నది. మన దేశపు ఎండలో నేర్చిన పాఠము ప్రపంచమునకు పుస్తకమైనదన్నమాట.

ఇక మన విషయమునకు వత్తము. ఈ ప్రాంతమునకు ఒక్క ఋతువు కాదు, పరస్పర విరుద్ధములైన మూడు ఋతువులు గలవు. చైత్ర వైశాఖములలో పొడి ఎండ, పడమటి వడగాలి. ఆషాఢము మొదలు తడి ఉక్క. మార్గశిర పుష్యములలో శాలువ కప్పుకొనవలసిన చలి. విశాఖపట్టణమునందు చలి అంతగా బాధింపదు. కావున అక్కడి ఇల్లు ఏడాది పొడుగున గాలిని, నీడను కోరును. ఇక్కడి ఇల్లు వేసవిలో ఎండను తరిమివేయవలెను, పుష్యమాసములో అదే ఎండను లోనికి పిలువవలెను. ఒకే కిటికీ ఈ రెండు పనులును ఎట్లు చేయగలదు?

సూర్యుని నడకలోనే దీనికి ఉపాయము కలదు. మనము కర్కటరేఖకు కొంచెము దక్షిణమున, 22.8 అక్షాంశ ప్రాంతమున ఉన్నాము. జూన్ 21 మధ్యాహ్నమున సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉండును. డిసెంబరు 21 మధ్యాహ్నమున దక్షిణ దిక్కున 44 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. మార్చి, సెప్టెంబరు నెలలలో 67 డిగ్రీలు. దక్షిణపు కిటికీకి పైన రెండు అడుగుల సన్‌షేడు ఉన్నదనుకొనుడు. మార్చి నుండి సెప్టెంబరు వరకు మధ్యాహ్నపు వేళ దాని నీడ నాలుగున్నర అడుగులకు పైగా క్రిందికి దిగును. కిటికీ అంతయు నీడలో ఉండును. డిసెంబరులో ఆ నీడ రెండడుగులే. మిగిలిన భాగము గుండ ఎండ గదిలోనికి వచ్చి నేలపై పరచుకొనును. విద్యుత్తు లేదు, యంత్రము లేదు. రెండడుగుల సిమెంటు పలక చేయు పని ఇది. కనుక ఇల్లు తూర్పు పడమరలుగా పొడుగై, పెద్ద కిటికీలు దక్షిణమునకు, ఉత్తరమునకు ఉండవలెను.

పడమటి దిక్కున ఈ ఉపాయము పనిచేయదు. సాయంకాలపు సూర్యుడు తక్కువ ఎత్తున నుండి ఈటెవలె తిన్నగా వచ్చును. సన్‌షేడు ఎంత వెడల్పు చేసినను దాని క్రిందుగా దూరును. పైగా మే, జూన్ నెలలలో సూర్యుడు వాయవ్యముగా అస్తమించును గనుక ఉత్తరపు గోడకు కూడ సాయంకాలపు ఎండ తగులును. తొమ్మిదంగుళముల ఇటుక గోడ బయట త్రాగిన వేడిని లోనికి చేర్చుటకు ఆరేడు గంటలు పట్టును. మూడు గంటలకు కాగిన గోడ రాత్రి తొమ్మిది పది గంటలకు, మనము పక్క వేసుకొను వేళకు, లోపల వేడిని క్రక్కును. పడమటి గదిలో పంకా తిరుగుచున్నను నిద్ర పట్టకపోవుటకు కారణము ఇదియే.

ఇచ్చట గోడ చేయలేని పనిని తోట చేయవలెను. పడమట, వాయవ్యమున చెట్లు నాటుడు. ఎండ గోడను తాకక ముందే ఆకు దానిని పట్టుకొనును. ఆకు ఎండకు కాగదు. నీటిని ఆవిరి చేసి తనను తాను చల్లబరచుకొనును. ఒక లీటరు నీరు ఆవిరి అగుటకు సుమారు 580 కిలో కేలరీల వేడి కావలెను; అనగా అర యూనిట్ విద్యుత్తుకు మించిన శక్తి. చెట్టు ఆ వేడిని మన ముంగిటి గాలి నుండియే తీసికొనును. అయితే ఈ చల్లదనము పొడి వేసవికి చెందినది. శ్రావణమాసములో గాలి తడితో నిండి యుండును గనుక ఆవిరి వలన మేలు స్వల్పము. అప్పుడు కావలసినది గాలి ఆడుట. వానకాలపు గాలి ఈ ప్రాంతమునకు దక్షిణము, ఆగ్నేయముల నుండి హెచ్చుగా వచ్చును. ఆ దిక్కున దట్టమైన పొదలు పెంచినచో ఇంటికి ఊపిరాడదు. అక్కడ మొదలు ఎత్తుగా పెరిగి పైన గొడుగు పట్టు చెట్లే తగినవి.

దక్షిణపు చెట్టు విషయములో మరియొక జాగ్రత్త. చలికాలమున ఆకు రాల్చునదే అచ్చట ఉండవలెను. దేవగన్నేరు ఇందుకు చక్కని చెట్టు. మునగయు చలిలో పలుచబడును. అయితే దాని కొమ్మ పెళుసు గనుక ఇంటి కప్పునకు దూరముగా ఉంచవలెను. వైశాఖపు సాయంకాలములలో ఛోటానాగపూర్ పీఠభూమిపై లేచు గాలివానలు దానిని సులభముగా విరుచును. పాదుల విషయమునను ఇదే లెక్క. బీరపాదు వేసవిలో పందిరి అల్లి, కాయ ఇచ్చి, తన దారిని తాను పోవును. దానిని దక్షిణమునకును పడమరకును నిశ్చింతగా ఎక్కింపవచ్చును. చిక్కుడు చలికాలమున విజృంభించును. దక్షిణపు కిటికీపై దానిని ఎక్కించినచో చిక్కుడుకాయలు దొరకునుగాని ఎండ దొరకదు. ఈ భేదము మన తల్లులకు తెలియును. ఇల్లు గీయు ఇంజనీరు వారిని అడుగుట లేదు.

మన పూర్వులు ఇంటిని తోటను వేరు చేసి చూచినవారు కారు. గోదావరి జిల్లాల మండువా లోగిలిని తలచుకొనుడు. నాలుగు వైపుల వసారా, నడుమ ఆకాశము, వీధి వైపు అరుగులు, వెనుక నూయి, నూతి గట్టు నుండి పారిన నీటితో అరటి, కంద, కరివేపాకు. ఈ ఊరి తెలుగువారిలో పెక్కుమందికి పుట్టినిల్లయిన శ్రీకాకుళ, విజయనగర, విశాఖ ప్రాంతములలో చుట్టిండ్లు ఉండెడివి. గుండ్రని మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగిన గడ్డి చూరు. తుపాను గాలి పట్టుకొనుటకు మూల దొరకదు, ఎండకు గోడ దొరకదు. ఈ చుట్టుపట్ల సంతాలు, హో గ్రామములకు వెళ్ళినచో మట్టిగోడ, పెంకుల కప్పు, అలికిన ముంగిలి, ముంగిటికి నీడ మనకు కనబడును. మన వరాహమిహిరుని బృహత్సంహితలో గృహవాస్తువు, వృక్షాయుర్వేదము ఒకే గ్రంథమున చోటు చేసికొన్నవి. ఇటీవలి కాలమునకు వచ్చినను, శ్రీలంకలో జెఫ్రీ బావా 1960 దశాబ్ది ఆరంభమున కొలంబో నగరములో ఈనా డి సిల్వాకు కట్టిన ఇల్లు ముంగిలి చుట్టును అల్లుకొన్న వసారాల ఇల్లే. ఆధునికత అనగా పాత సూత్రమును వదలుట కాదని ఆయన పని చూచినవారికి తెలియును.

ఇప్పుడు ఈ మాటలన్నియు ఒక స్థలముపై పెట్టి చూతము. నలువది అడుగుల వెడల్పు, అరువది అడుగుల పొడవు గల స్థలము, తూర్పున వీధి అనుకొనుడు. ఇంటిని తూర్పు పడమరలుగా 40 అడుగులు, ఉత్తర దక్షిణములుగా 24 అడుగులు గీయుదము. మొత్తము 960 చదరపు అడుగులు. తూర్పున ఆరు, ఉత్తరమున ఐదు, దక్షిణమున పదునొకండు, పడమట పదునాలుగు అడుగులు విడుతుము. స్థానిక నిబంధనలు ఇంతకంటె ఎక్కువ విడువుమన్నచో విడువవలసినదే. కాని హెచ్చు చోటు పడమటికి, దక్షిణమునకు దక్కునట్లు చూడవలెను. సాధారణముగా మనము స్థలము నట్టనడుమ ఇల్లు పెట్టి, చుట్టును పిల్లికి మాత్రమే పనికివచ్చు నాలుగు సందులు మిగుల్చుకొందుము. అందువలన తోటయు దక్కదు, గాలియు దక్కదు.

ఇంటి పడమటి అంచున స్నానపు గది, సామానుల గది, మేడమెట్లు పెట్టుడు. ఇవి ఎండకు అడ్డుగోడలు. పడక గదులు తూర్పు వైపు, కూర్చుండు గది దక్షిణపు వసారాను ఆనుకొని ఉండవలెను. నైరుతి గదియే ఇంటి యజమానికి అను పట్టుదల గలవారు ఆ గది పడమటి గోడ పొడుగున అలమరలు కట్టించుకొందురు గాక. బట్టలు వేడెక్కినను మనుష్యులు వేడెక్కరు. నైరుతిని బరువుగా, ఈశాన్యమును తెరపిగా ఉంచవలెనను మన వాడుకకు, పడమటి ఎండకు చెట్లు అడ్డు పెట్టవలెనను ఈ లెక్కకు పెద్ద వైరుధ్యము లేదు. పడమటి గోడకు లారీ బేకర్ కేరళలో ప్రచారము చేసిన పద్ధతి తగినది. ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ బోలు విడుచుటచే గోడలో గాలి పొర ఏర్పడును. ఇటుకలలో సుమారు నాలుగవ వంతు మిగులును. అయితే దీనికి అలవాటు పడిన తాపీమేస్త్రి ఉండవలెను.

ఇంటి నడుమ పది అడుగుల చతురపు మండువా విడుతుము. కొందరు దీనిని చూచి, వంద చదరపు అడుగులు వృథా యనుచున్నారు. వంటగదిలో వేడెక్కిన గాలి పోవుటకు, నడిమి గదులకు పగటి వెలుతురు వచ్చుటకు, ముసలివారు వీధిలోనికి పోకుండ ఆకాశము చూచుటకు ఆ వంద అడుగులు కావలెను. కాని నీటి లెక్క మరువరాదు. ఒక దినమున పది సెంటీమీటర్ల వాన కురిసినచో ఈ మండువాలో తొమ్మిది వందల లీటర్లకు పైగా నీరు పడును. నేల వసారాకంటె అర అడుగు పల్లముగా ఉండి, నాలుగంగుళముల గొట్టము తోటలోనికి పోవలెను. దోమలకు, కోతులకు పైన ఇనుప వల వేయవచ్చును.

కప్పు మాట. వేసవిలో ఇంటికి వచ్చు ఎండలో అధికభాగము కప్పు మీదనే పడును. తెల్ల సున్నమో, తెల్లని పింగాణీ ముక్కల పరుపో ఎండను తిరుగగొట్టును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులను గూర్చి ఒక విధానమే ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన ఈకో నివాస సంహిత గోడల గుండ, కప్పు గుండ వచ్చు వేడికి హద్దులు పెట్టినది. మనము ప్రభుత్వోద్యోగులము గనుక దానిని చదువుట మనకు శోభ. మిద్దెతోట వేయు ఉత్సాహము గలవారికి ఒక హెచ్చరిక. తడిసిన మట్టి ఒక అడుగు మందమున పరచినచో చదరపు మీటరునకు ఐదు వందల కిలోల వరకు బరువు. మామూలు మిద్దె శ్లాబును నూట ఏబది కిలోల భారమునకు మాత్రమే లెక్కింతురు. కావున మిద్దెతోట కోరిక పునాది వేయక ముందే ఇంజనీరుతో చెప్పవలెను. లేనిచో కుండీలు దూలముల మీదుగా మాత్రమే ఉంచవలెను.

నీటిని గూర్చి. ఇక్కడ ఏటికి 1,200 మిల్లీమీటర్లకు తగ్గని వాన సాధారణము. తొమ్మిది వందల చదరపు అడుగుల కప్పుపై పడు ఆ నీరు లక్ష లీటర్లు. దానిలో కొంత సంపులోనికి, మిగిలినది తోటలోని ఇంకుడు గుంటకు పోవలెను. స్నానపు గది పడమట ఉన్నది, చెట్లును పడమటనే ఉన్నవి. ఆ నీరు అరటి పాదులకు పోవుటకు పది అడుగుల కాలువ చాలును. వంటింటి జిడ్డు నీరు మాత్రము దీనిలో కలియరాదు. ఇంటి పటము, తోట పటము ఒకటే యైనచో ఇట్టి లాభములు తమంతట అవే వచ్చును.

చెట్టును గూర్చి గృహస్థులకు గల భయములు నాకు తెలియును. వేళ్ళు పునాదిని చీల్చునందురు. రావి, మర్రి జాతులను ఇంటి దగ్గర పెట్టరాదన్నది నిజము. కాని కరివేపాకు, నిమ్మ, పారిజాతము, దేవగన్నేరు ఎనిమిది పది అడుగుల దూరమున నిర్భయముగా ఉండవచ్చును. వేపను పడమటి మూలన, గోడకు వీలైనంత దూరముగా పెట్టుడు. మామిడి, పనస వంటివి పెద్ద స్థలము గలవారికే. ఆకులు రాలునందురు. రాలును; ఆ ఆకు మూలనున్న గుంటలో మగ్గి మరుసటి యేడు ఎరువగును.

అన్నిటికంటె పెద్ద ఆక్షేపణ కాలమును గూర్చినది. “ఇప్పుడు నాటిన వేప నీడనిచ్చునప్పటికి మేముందుమా?” అని పెద్దలు అడుగుదురు. దీనికి సమాధానము 1902 నాటి ఆ లేఖలోనే కలదు. త్వరగా పెరుగునది ఒకటి, నిదానముగా పెరుగునది ఒకటి నాటుడు. మునగ రెండేండ్లలో ఇంటి చూరును అందుకొనును. బీరపందిరి మొదటి వేసవికే గోడను కప్పును. అవి పని చేయుచుండగా వాని నీడలో వేప పెరుగును. ఇంకొక ఉపాయము: స్థలము కొన్న నాడే పడమటి చెట్లు నాటుడు. మనము స్థలము కొని పది యేండ్లకు గాని ఇల్లు కట్టము. ఆ పది యేండ్లు తుమ్మకంపకు విడువనేల? గృహప్రవేశము నాటికి నీడ సిద్ధముగా ఉండును.

స్థలము లేక అపార్టుమెంటులో ఫ్లాటు కొనువారు ఈ మాటలు తమకు కావని తలపరాదు. కొనక ముందు ఏప్రిల్ నెలలో సాయంకాలము నాలుగు గంటలకు ఆ ఫ్లాటునకు వెళ్ళి, పడమటి గోడపై చేయి పెట్టి చూడుడు. పడక గది ఏ దిక్కున ఉన్నదో అడుగుడు. చివరి అంతస్తు అయినచో కప్పునకు తెల్ల పూత వేయుటకు ఇతరులు అంగీకరింతురా అని విచారింపుడు. పడమటి బాల్కనీకి రాధామనోహరపు తీగ ఒకటి ఎక్కించినను గదిలోని వేడి తగ్గును. అందరికిని ఉమ్మడియైన ఆవరణలో సిమెంటు పలకలు పరచుటకు సంఘము తీర్మానించినప్పుడు, నాలుగు చెట్లకు మట్టి విడువుడని చెప్పు ఒక్క కంఠము మనది కావలెను.

చివరగా బదిలీల మాట. రైల్వేలోను, తపాలా శాఖలోను, ఆదాయపు పన్ను శాఖలోను, లోహ పరిశోధనాలయములోను పనిచేయు మనము ఒక ఊరి వారము కాము. క్వార్టరులో చెట్టు నాటినచో ఫలము అనుభవించునది తరువాత వచ్చువాడు గదా అను ఆలోచన సహజమే. కాని మనము ప్రవేశించిన క్వార్టరులో అప్పటికే ఉన్న చెట్టును ఎవరు నాటిరో మనలో ఎవరైన ఎరుగుదురా? ఈ ఊరి వీధులకు నీడ కావలెనని వ్రాసిన వ్యక్తి ఈ ఊరిని చూడనే లేదు. ఆయన కోరిన నీడలో మనము నడచుచున్నాము, మన పిల్లలు ఆడుకొనుచున్నారు.

కావున నా విన్నపములు రెండు. ఇప్పుడు క్వార్టరులో ఉన్నవారు ఈ వానకాలమున, అధికారుల అనుమతితో, పడమటి దిక్కున ఒక మొక్క నాటుడు. స్వంత ఇల్లు తలపెట్టినవారు ఇంజనీరు పటము తెచ్చినప్పుడు సంతకము చేయక ముందు, “ఇందులో చెట్లెచ్చట?” అని అడుగుడు. ఆ కాగితముపై చెట్లు లేనిచో పటము ఇంకను పూర్తి కాలేదని చెప్పి మర్యాదగా వెనుకకు పంపుడు.